దవాఖానకు తీస్కపోయిన్రు

మా ఇంటికి వైమానిక దళం మనుషులు రావడం ఇది రెండోసారి. మొదటిసారి వచ్చినవాళ్ళు మా అన్నను పెట్టెలో తెచ్చారు. ఈసారి వచ్చినావిడ ఒక ఫైలు తెచ్చింది. ఈ రెండింటి మధ్య ఎన్నేళ్ళు గడిచాయో లెక్కపెట్టడం నాకిష్టం లేదు. అప్పుడు నేను ఇంటర్ మొదటి సంవత్సరం పిల్లను. ఇప్పుడు ఊరి పిల్లలందరికీ తెలుగు పాఠాలు చెప్పి రిటైరై, మోకాళ్ళకు నూనె రాసుకుంటూ కూర్చునే మనిషిని. ఆ కాలం ఎంతో తెలియడానికి అది చాలు.

ముందు ఫోన్ చేసి అడిగి, చెప్పిన టైముకు సరిగ్గా వచ్చింది. మా గోదావరిఖనిలో చెప్పిన టైముకు వచ్చేది షిఫ్టు సైరన్ ఒక్కటే కాబట్టి నాకు ముచ్చటేసింది. వింగ్ కమాండరట, చూస్తే మా స్కూల్లో లెక్కల టీచరులా ఉంది. నూలు చీర, భుజాన సంచీ. విజయనగరం వైపు పిల్ల. అన్న విమానం నడపడం నేర్చుకున్న శిక్షణ స్క్వాడ్రన్ చరిత్రను పుస్తకంగా తెస్తున్నారట, ఆ పని ఈమెకు అప్పగించారట. గుడ్డ చుట్టిన రెండు రెక్కల విమానాలతో, బీడు నేల మీద గుడారంలో ఆ స్క్వాడ్రన్ ఎట్లా మొదలైందో, ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఎట్లా మారిందో, విమానాలు మారినా సారులు మారినా తన నంబరు రాసిన ఒకే చెక్క బోర్డును వెంట మోసుకుని ఎట్లా తిరిగిందో సొంత పుట్టింటి కథలా చెప్పింది. నాకేమో మా బాయిల సంగతి విన్నట్టే ఉంది. మా బొగ్గుబాయిలకూ పేర్లుండవు, నంబర్లే. ఒక నంబరు మూతపడితే మనుషులు ఇంకో నంబరుకు పోతారు. మూతపడినా ఆ నంబరు నోళ్ళలో బతికి ఉంటుంది, మనుషులు రాలిపోతుంటారు.

పుస్తకం చివర, తిరిగి రాని పిల్లలకు తలా ఒక పేజీ ఇస్తున్నారట. అన్న ఫోటో ఒకటి, చిన్నతనం గురించి నాలుగు మాటలు కావాలంది. లోపలి గదిలోంచి మా అవ్వ, "ఎవలే వచ్చింది?" అని కేకేసింది. మా ఇళ్ళల్లో అమ్మను అవ్వ అనే పిలుస్తాం. అవ్వకు ఎనభై దాటాయి, చూపు పర్వాలేదు గానీ చెవులు పోయాయి. "స్కూలు వాళ్ళవ్వా" అని అరిచాను. అబద్ధాలు చెప్పడం నాకు కొత్త కాదు. వెళ్ళేముందు ఆమె రెండు జెరాక్సు కాగితాలు నా చేతిలో పెట్టి, "స్క్వాడ్రన్ దినచర్య పుస్తకంలోవి అమ్మా. మీ నాన్నగారి గురించి కూడా ఉంది. తీరిగ్గా చదవండి" అంది. మా నాన్న గురించి అక్కడేం ఉంటుంది? ఆయన ఆ స్క్వాడ్రన్ గేటు మొహం కూడా చూడలేదని మా ఇంట్లో అందరికీ తెలుసు. కాగితాలు దిండు కింద పెట్టి సాయంత్రం దాకా ముట్టుకోలేదు.

మా నాన్నను బాపు అనేవాళ్ళం. పేరు ఓదెలు, బొగ్గుబాయిలో పని. కంపెనీ క్వార్టర్లో మాకు రెండు గదులు, వెనక ఒక వంట కొట్టం. బొగ్గు ఇంటికి ఉచితంగా వచ్చేది కాబట్టి కాలనీ మొత్తం బొగ్గుల పొయ్యిలే. పొద్దుగూకే వేళకు వరసలన్నీ ఒకేసారి పొయ్యి ముట్టిస్తే ఆ పొగ క్వార్టర్ల మీద దుప్పటి కప్పినట్టు నిలిచేది. బయట ఊళ్ళ చుట్టాలు వచ్చి ముక్కులు మూసుకునేవాళ్ళు. మాకు మాత్రం ఆ వాసన వస్తే ఇంట్లో మనిషి పైకి వచ్చాడని, నీళ్ళు కాగుతున్నాయని అర్థం. బాపు మొదటి షిఫ్టు నుంచి వచ్చి వాకిట్లో పీట మీద కూర్చుంటే అవ్వ వీపు రుద్దేది. మూడు చెంబుల దాకా నల్లనీళ్ళే పారేవి. నాలుగో చెంబుకు మా బాపు బయటపడేవాడు. తర్వాత ఒక బెల్లం ముక్క నోట్లో వేసుకుని, గొంతులో దుమ్ము కరిగేదాకా ఎవరితో మాట్లాడేవాడు కాదు. ఇప్పుడు నా ఇంట్లో గ్యాసు పొయ్యి, గోడలు తెల్లగా ఉంటాయి, ఆరేసిన బట్టలు ఆరేసినట్టే ఉంటాయి. ఎవరు ఇంటికి వచ్చారో ఎవరు రాలేదో వాసనతో చెప్పడం మాత్రం నాకిప్పుడు చేతకాదు.

బాపు బాయిలో రెస్క్యూ మనిషి కూడా. కప్పు కూలినా, నీళ్ళు పట్టినా కింద చిక్కినవాళ్ళను తేవడానికి పోయే నలుగురైదుగురిలో ఒకడు. వాళ్ళకు కొన్ని పట్టింపులుండేవి. మనిషిని పైకి తెచ్చాక అంతటితో పని అయిపోదు. ఒకరు మళ్ళీ కిందికి పోయి ఆ చోటంతా చూడాలి. చెప్పు, టిఫిను గిన్నె, తుండు, ఏదీ మిగలకూడదు. "సగం మనిషిని కింద ఇడ్సి రావద్దు బిడ్డా" అనేవాడు. ఎక్కువసార్లు ఆ పని బాపే మీదేసుకునేవాడట.

ఇంకో పని కూడా బాపు మీదే పడేది. పోయిన మనిషి ఇంటికి కబురు తీసుకుపోవడం. దానికోసం మేకుకు ఒక తెల్ల అంగీ ఎప్పుడూ ఉతికి ఉండేది. బొగ్గు ఒంటితో ఆ గడప ముందు నిలబడకూడదని ముందు ఇంటికొచ్చి స్నానం చేసి, ఆ అంగీ తొడుక్కుని పోయేవాడు. పండక్కి కూడా దాన్ని ముట్టుకునేవాడు కాదు. బాపు తెల్ల అంగీతో వీధిలోకి దిగితే ఆడవాళ్ళు పంపు దగ్గర బిందెలు వదిలేసి ఎవరి గుమ్మంలోకి వాళ్ళు పరుగెత్తేవాళ్ళు. అక్కడికి పోయి ఆయన చెప్పే మాట ఎప్పుడూ ఒకటే. "దెబ్బ తాకింది వదినె. దవాఖానకు తీస్కపోయిన్రు." అంతే. చనిపోయాడని ఎన్నడూ అనలేదు. ఆ మాటకు అర్థం కాలనీలో పసిపిల్లకు కూడా తెలుసు. నేనొకసారి అడిగాను, ఎట్లాగూ తెలిసేదే కదా, ఎందుకు అట్లా చెప్తావని. "సచ్చిండంటే మనిషి ఆడనే కూలుతది. దవాఖాన అంటే లేశి నడుస్తది. నడుసుకుంట నడుసుకుంట తనే తెలుసుకుంటది" అన్నాడు.

అన్న సదానందం. చీకటంటే భయం. పదేళ్ళప్పుడు బాపు సరదాగా బాయి మోకం దాకా, లోపలికి దిగే చోటికి, తీసుకుపోతే ఏడ్చి ఇంటికి పరుగెత్తుకొచ్చాడు. బాపు తిట్టలేదు. "కిందికి పోనోడు మీదికే పోవాలె ఇగ" అని నవ్వాడు. ఆ నవ్వులాటకన్నదే నిజమైంది. డిగ్రీ కాగానే ఏవేవో పరీక్షలు రాసి, ఎక్కడెక్కడికో ఇంటర్వ్యూలకు తిరిగి, హైదరాబాద్ అవతల విమానాల శిక్షణకు పోయాడు. బాయి దగ్గర బాపును ఆటపట్టించని వాడు లేడు. "తండ్రి భూమి కింద, కొడుకు మబ్బుల మీద, ఇగ నేల మీద కాపురం చేసేదెవలు ఓదెలన్నా?" అనేవాళ్ళు. బాపు మీసాల్లో నవ్వుకునేవాడు. వాన పడితే ఇదివరకు బాయిలో నీళ్ళెంత వస్తాయో అని చూసే మనిషి, ఆ ఏడాది మబ్బు ఎంత కిందికి దిగిందో అని చూడడం నేర్చుకున్నాడు.

అన్న ఆదివారాలు ఫోన్ చేసేవాడు. మా వరసల్లో ఫోన్లెక్కడివి? బాపు పనిచేసే బాయి అండర్ మేనేజరు బంగళాలో ఉండేది. ఆయన భార్య రాజ్యలక్ష్మిగారిది గుంటూరు వైపు, మనిషి వెన్న. నన్ను కూర్చోబెట్టి జంతికలు పెట్టి మరీ ఫోను ఇచ్చేది. సారు పక్కన లేకుండా మొదటిసారి తానొక్కడే విమానం తిప్పి దించిన రోజు అన్న మాటలు ఆగలేదు. గోదావరి పై నుంచి చూస్తే ఎట్లుంటుందో ఒకనాడు చూస్తానే అన్నాడు. ఇంటికొచ్చి చెప్తే బాపు బెల్లం ముక్క పక్కకు నెట్టి, "సారు లేకుండనా?" అని రెండుసార్లు అడిగాడు.

ఆ రోజు ఆదివారం కాదు. రాజ్యలక్ష్మిగారు తానే నడుచుకుంటూ మా ఇంటికి వచ్చింది. అవ్వ మంథని దగ్గర పుట్టింటికి పోయింది, మర్నాడు పొద్దున వస్తుంది. బాపు కింద డ్యూటీలో ఉన్నాడు. బంగళాకు పోయేసరికి ఫోను మళ్ళీ మోగింది. అవతల ఒక ఆఫీసరు, ముందు ఇంగ్లీషులో, తర్వాత మెల్లగా హిందీలో చెప్పాడు. పొద్దున అన్న నడిపే విమానం పడిపోయింది. అన్న అక్కడికక్కడే పోయాడు. రేపు తెల్లారి అక్కడ బయలుదేరి మధ్యాహ్నానికి ఇంటికి తెస్తాం, మీరంతా ఇంటి దగ్గరే ఉండండి. నాకు ప్రతి మాటా అర్థమైంది. ఒక్క మాట కూడా పొల్లుపోలేదు. ఇంటికి తెస్తామన్న మాట విన్నది మాత్రం నేనొక్కదాన్నే. రాజ్యలక్ష్మిగారు నన్ను పట్టుకుని, "మీ నాన్నగారికి మావారితో చెప్పిస్తానమ్మా, నువ్వు చెప్పలేవు" అంది. నేనే చెప్తానన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. ఊరందరికీ కబురు మోసేవాడి కూతురినని పొగరు కావచ్చు.

బాయి గేటు దగ్గర నిలబడ్డాను. షిఫ్టు దిగి బాపు నల్లగా, కళ్ళు మాత్రం తెల్లగా బయటికొచ్చాడు. నన్ను చూసి ఆగాడు. పోయాడన్న మాట నా నోట్లోకి రాలేదు. ఆ నోటికి తెలిసిన మాట ఒక్కటే వచ్చింది.

"అన్నకు దెబ్బ తాకింది బాపూ. దవాఖానకు తీస్కపోయిన్రు."

బాపు నా మొహంలోకి చూశాడు. "ఫోన్ల చెప్పిన్రా?"

"ఆఁ."

"ఇంకేం చెప్పిన్రు బిడ్డా?"

ఇంటికి తెస్తున్నారని చెప్పాలి. ఇంటి దగ్గరే ఉండమన్నారని చెప్పాలి. అది చెప్తే ముందు చెప్పిన మాట అబద్ధమైపోతుంది. "ఇంకేం చెప్పలె" అన్నాను.

బాపు కూలబడలేదు, ఏడవలేదు. ఇంటికొచ్చి స్నానం చేశాడు. తెల్ల అంగీ తొడుక్కున్నాడు. దూరప్రయాణం కదా, ఉతికింది అదొక్కటే ఉంది కదా అనుకున్నాను నేను. నన్ను పక్కింటి అక్కకు అప్పగించి, "చూసొస్త" అని రామగుండం స్టేషనుకు పోయాడు. వెనకాల పరుగెత్తి అసలు సంగతి చెప్పడానికి వీధి చివరిదాకా నాకు టైముంది. నేను గుమ్మంలోనే నిలబడ్డాను.

మర్నాడు పొద్దున అవ్వ బస్సు దిగి వచ్చింది. ఆమెకూ అదే మాట చెప్పాను. సగంలోనే అవ్వ వాకిట్లో కూలిపోయింది. మధ్యాహ్నానికి వాళ్ళు చెప్పినట్టే అన్నను తెచ్చారు. పెట్టె మూసి ఉంది, తెరవద్దన్నారు. బాపు కోసం చూశాం. ఏ రైలుకన్నా వస్తాడని స్టేషనుకు మనిషిని పంపారు. ఎండాకాలం, పొద్దు వాలుతోంది, పెద్దమనుషులు ఇక ఆగవద్దన్నారు. గోదావరి ఒడ్డున మా కాక, బాపు తమ్ముడు, తల కొరివి పెట్టాడు.

బాపు ఆ తర్వాత రోజు పొద్దున్నే వచ్చాడు. చేతిలో బత్తాయిల సంచీ. దవాఖానలో ఉన్న మనిషికి కొన్నవి. అవ్వ ఆ సంచీ లాగి వీధిలోకి విసిరేసింది. "కొడుకు ఇంటికస్తే నువ్వేడ తిరుగుతున్నవయ్యా?" అంది. బాపు దొర్లిపోతున్న బత్తాయిలను చూస్తూ, "దవాఖానల ఉన్నడనుకున్ననే. పట్నంల దవాఖానలన్ని తిరిగిన" అన్నాడు. నావైపు చూడలేదు. నేను ఆ క్షణాన చెప్పాల్సింది. చెప్పలేదు, తర్వాత రోజూ చెప్పలేదు, ఆ తర్వాత అలవాటైపోయింది.

అవ్వ ఆయన్ను క్షమించలేదు. బువ్వ పెట్టింది, వీపు రుద్దింది, జబ్బు చేస్తే పక్కనే ఉంది. కానీ కోపమొచ్చినప్పుడల్లా ఒకే మాట. "ఊరందరి పీనుగలు మోసినవ్, నీ కొడుకును మొయ్యకపోతివి. నాకు సగం మాటకే సమజైంది, ఊరంతటికి ఆ మాట చెప్పినోనివి నీకు సమజ్ కాలేదా?" బాపు టిఫిను గిన్నె అందుకుని డ్యూటీకి పోయేవాడు. బాయి దగ్గర కూడా వెనకాల అనుకునేవాళ్ళు, ఓదెలు ఎంత అమాయకుడో అని. ఆ మాట విన్నప్పుడల్లా నేను చచ్చేదాన్ని. నిండైన మనిషిని నేనే ఊరి ముందు వెర్రివాణ్ణి చేశాను, కొడుకు కడసారి చూపు నేనే లేకుండా చేశాను అనుకునేదాన్ని. ఆయన ఊపిరితిత్తులు పాడై మంచం పట్టినప్పుడు, అవ్వ లేనప్పుడు చూసి, "బాపూ, నీకో మాట చెప్పాలె, అన్న పోయిననాటిది" అన్నాను. "ఎందుకు తియ్యి బిడ్డా ఇప్పుడు. నీళ్ళియ్యి" అన్నాడు. అలసట అనుకున్నాను. నీళ్ళిచ్చాను. ఇంకోసారి చెప్పే రోజు నాకు దొరకలేదు.

ఇవన్నీ మనసులో తిరుగుతుండగానే ఆ సాయంత్రం దిండు కింది కాగితాలు తీశాను. చేతిరాత ఇంగ్లీషు, పొదుపుగా రాశారు. నా తెలుగులో చెప్తున్నాను.

"భౌతికకాయంతో వాహనం బయలుదేరిన కొంతసేపటికి ట్రైనీ తండ్రి గేటు దగ్గరికి వచ్చారు. తెల్ల చొక్కా. తెలుగు వచ్చిన మెస్ వంటమనిషిని పిలిపించి మాట్లాడాం. కొడుకు మరణించాడని ఎట్లా చెప్పాలో మాకు తోచలేదు. తెలుసునని ఆయనే అన్నారు. కూతురు చెప్పిందన్నారు. శవాన్ని తీసుకెళ్ళడానికి వచ్చానన్నారు. ఇంటికి పంపామని చెప్పి, జీపు ఇస్తాం, దారిలో కలుసుకోవచ్చన్నాం. కొంచెంసేపు ఆలోచించి, మోసుకపోవడానికి అక్కడ నలుగురున్నారు, పడిన చోటు చూడడానికి ఎవరూ లేరు, తాను గని రెస్క్యూ మనిషిని, అది చూడకుండా పోకూడదన్నారు. తీసుకెళ్ళాం. తాడు కట్టిన చోటికి బయట ఉన్న చేనంతా సాలు వెంట సాలు నడిచారు. తోడు వస్తామంటే వద్దన్నారు. ఒక బొత్తం, చిన్న తోలు ముక్క దొరికితే తెచ్చి అప్పగించారు. పొద్దుగూకేదాకా ఉన్నారు. వెళ్ళేటప్పుడు ఒకటి కోరారు. తాను వచ్చిన సంగతి ఇంటికి రాయవద్దని. పాప మాట పోతుందన్నారు. ఆ కోరికను మన్నించాం."

పాప మాట పోతుంది. మూడుసార్లు చదివాను.

నేను నోరు తెరవగానే బాపుకు అర్థమైంది. నేను దాచిన సగం గేటు దగ్గర తెలిసింది. నేనెందుకు దాచానో కూడా తెలిసింది. దవాఖానలన్నీ తిరిగానని ఒక వెర్రి కథ అల్లుకుని, దానికి సాక్ష్యంగా ఏ స్టేషను దగ్గరో బత్తాయిలు కొనుక్కుని ఇంటికొచ్చాడు. ఆయన నిజం చెప్తే నేను పట్టుబడతాను. అందుకని బతికినన్నాళ్ళూ వెర్రివాడుగా ఉండిపోయాడు. నేను ఆయన్ను కాపాడుతున్నాననుకుని చెప్పిన అబద్ధాన్ని ఆయన నా కోసం చచ్చేదాకా మోశాడు. తెలిస్తే బరువు దిగుతుందంటారు. నాకేం దిగలేదు. ఇంతకాలం ఆయనకు తెలియదని ఏడ్చాను, ఇప్పుడు తెలుసని ఏడుస్తున్నాను.

పొయ్యి మీంచి అన్నం దించి అవ్వ గదిలోకి పోయాను. అవ్వ మంచం మీద కూర్చుని ఎల్లిగడ్డలు ఒలుస్తోంది. అవ్వా, బాపుకు అబద్ధం చెప్పింది నేనే అన్నాను. వినబడలేదు. "ఏందే?" అంది చెయ్యి చెవికి పెట్టుకుని. ఇన్నేళ్ళు దాచిన మాటను అరిచి చెప్పాల్సి వచ్చింది. పక్కింట్లో టీవీ గొంతు తగ్గింది. ఫోన్లో ఏం చెప్పారో, నేనేం దాచానో, బాపు ఎక్కడికి పోయాడో, చేనులో ఎంతసేపు నడిచాడో, ఎందుకు చెప్పవద్దన్నాడో, అన్నీ ఊరు వినేటట్టు అరిచాను. కాగితాలు చూపించాను. చదువు రాని మనిషి వాటిని చేత్తో తడిమింది.

నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. ఒలిచిన ఎల్లిగడ్డలు చాటలో అట్లాగే ఉన్నాయి. కాగితాలు మడిచి నా చేతిలో పెట్టి, "గా జాగ శాన దూరమా?" అంది.

"హైదరాబాద్ అవతల. ఇప్పుడాడ చేను ఉందో లేదో, ప్లాట్లు చేసిన్రో ఏమో."

"ఏదన్న గానీ. నన్ను ఒకసారి తోల్కపో."

"ఇంత ఎండల, ఈ వయసుల, అన్న పడ్డ జాగ చూసి ఏం జేస్తవవ్వా?"

"నీ అన్న ఇంటికచ్చిండు గదనే" అంది. "మీ బాపే, పొద్దుగూకేదాక ఒక్కడే ఉండె ఆడ."